కువైట్‌కి పిల్లలతో వెళ్ళండి, జూన్‌లో మాత్రం వద్దు

చెల్లెమ్మా, మీ ఆయనకి కువైట్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఏడేళ్ళ బాబునీ నాలుగేళ్ళ పాపనీ తీసుకుని వెళ్ళొచ్చా అని అడిగారు. "ప్రొద్దుటూరు ఎండలు చూసినోళ్ళకి ఆ ఎండ ఒక లెక్కా" అని ఆయన అంటున్నారని కూడా రాశారు. మా ఆయన కూడా అచ్చం ఇదే మాటన్నాడు. మాది రాజంపేట. 2017 నుంచి 2023 దాకా కువైట్‌లోని అబ్బాసియాలో ఇద్దరు పిల్లలతో కాపురం చేసి వచ్చాను.

మేం చేసిన తప్పు ముందు చెప్తాను. మన దగ్గర బడులు జూన్‌లో తెరుస్తారు కదా, ఆ లెక్కనే జూన్ నెలాఖరుకి చెన్నైలో విమానం ఎక్కాం. అక్కడి ఇండియన్ స్కూళ్ళు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి. మేం దిగేసరికి వేసవి సెలవులిచ్చేశారు, మళ్ళీ తెరిచేది సెప్టెంబరులో. తెలిసిన ముఖం ఒక్కటీ లేని చోట, మూడో అంతస్తు ఫ్లాట్‌లో, రెండు నెలల పైన ఇద్దరు పిల్లలతో నేనొక్కదాన్నే. ఆయన పొద్దున పోతే రాత్రికి వచ్చేవాడు.

ఎండ విషయానికొస్తే, మన ఎండకీ దానికీ తేడా పగలు కన్నా రాత్రి బాగా తెలుస్తుంది. మనకి మేలో 44 కొట్టినా, సాయంత్రం మిద్దె మీద నీళ్ళు చల్లి మంచం వాల్చుకుంటే కాస్త గాలి తగులుతుంది. అక్కడ జులైలో రాత్రి పదింటికి కూడా 38, 40 ఉంటుంది. పగలు 48 మామూలే. మిత్రిబా అనే చోట 2016 జులైలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని ప్రభుత్వమే రూలు పెట్టింది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది, పిల్లలు దాహమని అడగరు. మనమే గుర్తుపెట్టుకుని తాగించాలి.

వెళ్ళిన వారంలోనే మావాడు చేతులు కడుక్కోబోయి "అమ్మా, కాలుతోంది" అని అరిచాడు. చన్నీళ్ళ కొళాయే తిప్పాడు. ట్యాంకు మిద్దె మీద ఎండలో ఉంటుంది కదా, ఆ నీళ్ళు. ఎదురింటి రాయచోటి అక్క వచ్చి నవ్వి, గీజర్ స్విచ్ ఆపేసి వేణ్ణీళ్ళ కొళాయి తిప్పమంది. గీజర్‌లో నిలవున్న నీళ్ళు ఏసీ ఇంట్లో ఉండి చల్లబడతాయట. అక్టోబరు దాకా మా స్నానాలన్నీ అలాగే.

ఏసీ ఉన్నంతసేపు ఎండ మనల్నేమీ చేయదు. విసిగించేది నాలుగు గోడలే. అందుకే అద్దె కన్నా ముందు భవనం చూడమని చెప్తాను. అదే మెట్ల మీద పిల్లలున్న కుటుంబాలు నాలుగుండాలి, కింద బకాలా (కిరాణా కొట్టుని అక్కడ అలాగే అంటారు) ఉండాలి. ఇల్లాలికి డ్రైవింగ్ లైసెన్సు అంత తేలిగ్గా రాదు, ప్రతిదానికీ ఆయన కారు కోసం చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. నాకు ఎక్కింది కూడా.

పాపకి ఆయాసం లాంటిదేమైనా ఉంటే డాక్టరుని అడగకుండా టికెట్లు తీయకండి. అక్కడ దుమ్ము తుఫానుని తోజ్ అంటారు. 2022 మేలో ఒకటి వచ్చి విమానాలే ఆపేశారు. కిటికీ సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కినా, పొద్దున లేచేసరికి అన్నం గిన్నె మూత మీద వేలితో పేరు రాయొచ్చు.

మీకూ పిల్లలకీ వచ్చే కుటుంబ వీసాకి మీ ఆయన జీతం అంకె ముఖ్యం. 2024 జనవరిలో నెలకి కనీసం 800 దినార్లు ఉండాలన్నారు, తర్వాతా నిబంధనలు మారుతూనే ఉన్నాయి. వర్క్ పర్మిట్‌లో (పని అనుమతి పత్రంలో) రాసిన జీతం ఎంతో కంపెనీని ఇప్పుడే అడగమనండి, నోటిమాట మీద ఉండొద్దు.

ఆయన్ని ముందు పంపి, ఇల్లు కుదిరాక మీరు నవంబరులో వెళ్ళండి. స్కూలు సీటు సంగతి మాత్రం ముందే మాట్లాడి పెట్టుకోవాలి. అప్పటికి సాయంత్రాలు హాయిగా ఉంటాయి, పిల్లలకి ఊరు అలవాటవుతుంది, ఎండలు ముదిరేసరికి మీకూ నలుగురు తెలిసుంటారు. అన్నట్టు, పిల్లలకి మందపాటి స్వెటర్లు సర్దుకోండి. ఎడారికి స్వెటర్లేంటని నేను తీసుకెళ్ళలేదు. జనవరి రాత్రుల్లో ఏడెనిమిది డిగ్రీలకి పడిపోతే, మా ఆయన తలపాగా తువ్వాలు పాపకి చుట్టి పడుకోబెట్టాను.