షుగర్ తిమ్మిర్లు కాళ్లలోనే ఎందుకు మొదలవుతాయి?

నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగర్ ఉందనీ, తిమ్మిర్లు అరికాళ్లలో మొదలయ్యాయి కానీ చేతుల్లో లేవనీ రాశారు. మెదడులోని నరాలూ కాళ్లలోని నరాలూ వేరా అని అడిగారు. పూర్తిగా వేరూ కాదు, ఒకటీ కాదు. మెదడు, వెన్నుపాము కలిపి కేంద్ర నాడీ వ్యవస్థ. 12 జతల కపాల నాడులు, 31 జతల వెన్ను నాడులు పరిధీయ నాడీ వ్యవస్థ అని పాఠాల్లో గీత గీసి చెబుతారు. బొటనవేలికి వెళ్లే ఒక్క నాడీకణాన్ని (న్యూరాన్‌ని) పట్టుకుని పైకి నడిస్తే ఆ గీత ఎక్కడుందో సరిగ్గా కనబడుతుంది.

ఆ కణం తాలూకు కణదేహం కాలిలో ఉండదు. నడుము దగ్గర వెన్నుపూసల సందులో, వెన్నుపాముకి బయట ఉన్న గాంగ్లియాన్ అనే చిన్న కణదేహాల ముడిలో ఉంటుంది. ఆ కణదేహం నుంచి వచ్చిన ఆక్సాన్ అనే పొడవాటి తంతువు రెండుగా చీలుతుంది. ఒక పాయ మీటరుకి దగ్గరగా సాగి వేలి చివరికి దిగుతుంది. రెండోది వెన్నుపాములోకి దూరుతుంది. కంపనాన్ని గుర్తించే రకమైతే మెదడు అడుగునున్న మెడుల్లా దాకా ఎక్కడా ఆగకుండా వెళ్తుంది. కణం ఒక్కటే, కొంత బయట, కొంత లోపల!

బయటి పాయకి మయలిన్ అనే కొవ్వు పొర చుట్టేవి ష్వాన్ కణాలు. ఒక్కోటి ఒకే ఆక్సాన్ మీద సుమారు మిల్లీమీటరు మేర మాత్రమే చుట్టుకుంటుంది కాబట్టి వేలి దాకా వెయ్యికి అటూఇటూగా కావాలి. లోపలి పాయకి ఆ పని ఆలిగోడెండ్రోసైట్లది; ఒక్కటే పదుల కొద్దీ తునకల్ని చుట్టగలదు. అందుకే మయలిన్‌ని దెబ్బతీసే జబ్బుల్లో గిలాన్ బారే బయటి నరాల్ని పడగొడుతుంది, మల్టిపుల్ స్క్లెరోసిస్ మెదడు, వెన్నుపాములకే పరిమితమవుతుంది. నరాల్లో కుష్ఠు క్రిమి ముఖ్యంగా చేరేది కూడా ష్వాన్ కణాల్లోకే. లోపల ఇంకా ఆస్ట్రోసైట్లు న్యూరాన్ల చుట్టూ పొటాషియం, సంకేతాలు మోసే గ్లూటమేట్ అనే రసాయనం పేరుకోకుండా చూస్తాయి, మైక్రోగ్లియా రోగనిరోధక పని చేస్తాయి, ఎపెండైమల్ కణాలు మెదడు గదుల గోడలకి పూతలా ఉంటాయి. వీటన్నిటినీ ‘సహాయక కణాలు’ అని ఒక్క వాక్యంలో తేల్చేయడం అన్యాయం. న్యూరాన్లకి పదింతలు ఉంటాయని చాలా పుస్తకాలు రాస్తూ వచ్చిన లెక్క కూడా తప్పే. బ్రెజిల్ పరిశోధకులు 2009లో లెక్కిస్తే మానవ మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు, మిగతా కణాలూ దాదాపు అన్నే.

ఇక కాళ్లే ఎందుకంటే, ఆక్సాన్‌కి కావలసిన ప్రోటీన్లలో ఎక్కువ భాగం నడుము దగ్గరి కణదేహంలోనే తయారవుతుంది. వేగంగా కదిలే సరుకు రోజుకి 400 మి.మీ. దాకా పోతుంది కానీ నిర్మాణ ప్రోటీన్లు రోజుకి కొన్ని మిల్లీమీటర్లే జరుగుతాయి. అధిక చక్కెర ఆక్సాన్‌నీ, దానికి రక్తం అందించే సన్నని నాళాల్నీ దెబ్బతీసినప్పుడు ముందు చితికేది అన్నిటికంటే దూరపు కొసే. తిమ్మిరి మోకాళ్ల దాకా ఎక్కేసరికి వేళ్ల కొసల్లోనూ మొదలవుతుంది. చెమట పట్టించే స్వయంచోదిత నాడులూ పోతాయి. మడమలు ఎండి పగలడానికి అదొక కారణం.

పరీక్ష అడిగి చేయించుకోండి. కళ్లు మూయించి, 10 గ్రాముల మోనోఫిలమెంట్ దారాన్ని అరికాలికి అది వంగేదాకా ఒక క్షణం నొక్కుతారు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును బొటనవేలి ఎముక మీద ఆనిస్తారు. ఎన్‌సీఎస్ (నరాల్లో సంకేతం ఎలా సాగుతుందో కొలిచే పరీక్ష) నార్మల్ వచ్చిందని మంటని కొట్టిపారేయకూడదు. ఆ పరీక్ష మయలిన్ ఉన్న లావు ఆక్సాన్లనే కొలుస్తుంది. మంట, నొప్పి మోసే సన్నని సీ తంతువుల వేగం సెకనుకి 0.5 నుంచి 2 మీటర్లు, అవి అందులో కనబడవు. వాటి కోసం చీలమండకి 10 సెం.మీ. పైన 3 మి.మీ. చర్మం ముక్క తీసి చూస్తారు.

నరాల బలహీనత అంటూ మందుల షాపులో రంగురంగుల బీ విటమిన్ గొట్టాలు కొని ఏళ్ల తరబడి మింగించడం మాత్రం ఆపండి. బీ6 మోతాదు మించితే సరిగ్గా ఆ గాంగ్లియాన్‌లోని కణాల్నే చెడగొడుతుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే బీ12 తగ్గి ఇవే లక్షణాలు రావచ్చు, కాబట్టి ముందు రక్తంలో బీ12 చూపించి, తక్కువైతే డాక్టరు రాసిన మోతాదులోనే వాడించండి.