ఆదాయం ఎక్కువున్నా 70 ఏళ్లు దాటినవారికి ఆయుష్మాన్ కార్డు వస్తుందా?

వస్తుంది, 70 నిండిన వారెవరైనా, తెల్ల రేషన్ కార్డు లేకపోయినా, పెన్షన్ వస్తున్నా, ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు. 2024 అక్టోబర్‌లో కేంద్రం ఈ పథకాన్ని మొదలుపెట్టినప్పుడు ఆదాయ పరిమితి పెట్టలేదు. కారణం సూటిగానే ఉంది: ఈ వయసులో ప్రైవేటు బీమా దొరకడమే కష్టం, దొరికినా ప్రీమియం భారం, పైగా పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే కవరేజ్ మొదలయ్యేదాకా కొంతకాలం ఆగాలి. ఇక్కడ బీపీ, షుగర్ ముందునుంచే ఉన్నా మొదటి రోజు నుంచే కవరేజ్ ఉంటుంది.

చాలామంది పొరబడేది డబ్బు లెక్కలో. ఈ కార్డుపై ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యం మనిషికి కాదు, ఇంట్లో 70 దాటినవారందరికీ కలిపి. భర్తకు 74, భార్యకు 71 అనుకుందాం. ఆయన గుండె ఆపరేషన్‌కు 3 లక్షలు ఖర్చయితే ఆ ఏడాది ఆమెకు మిగిలేది 2 లక్షలే. ఇంటికి ముందే ఆయుష్మాన్ కార్డు ఉంటే మాత్రం ఈ 5 లక్షలు దానికి అదనం, చిన్నవాళ్లతో పంచుకోనక్కర్లేదు.

ఇది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. నెలనెలా వేసుకునే మాత్రలకు, ఓపీ ఫీజుకు వర్తించదు. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల వైద్య పథకం), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉన్నవారు రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేటు పాలసీ, ఈఎస్‌ఐ ఉన్నవారికి ఆ ఇబ్బంది లేదు.

నమోదుకు ఆధార్ ఈ-కేవైసీ (ఆధార్‌తో ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారణ) చాలు. వయసు కూడా ఆధార్‌లో ఉన్నదే లెక్క కాబట్టి, పెద్దవాళ్ల పుట్టిన తేదీ అందులో తప్పుగా ఉంటే ముందు దాన్ని సరిచేయించండి.