కెమెరాలు అమ్మి ఆపద గట్టెక్కలేం

ప్రశ్న: నా వయసు 36. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. భార్య, నాలుగేళ్ల పాప, అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. ఇంటి ఖర్చులకు జీతంలో ముప్పావు వంతు పోతుంది. ఆరేళ్లుగా పాత ఫిల్మ్ ఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకునే రకం) కెమెరాలు సేకరిస్తున్నాను, వాడుతున్నాను కూడా. ఇప్పటికి 22 బాడీలు (లెన్సు కాకుండా కెమెరా మాత్రమే), కొన్ని లెన్సులు ఉన్నాయి. ఏది ఎలా కొన్నానో, ఏ స్థితిలో ఉందో జాబితా పంపుతున్నాను. ఆన్‌లైన్ ధరలు చూస్తే వీటి విలువ మా ఇంటి 8 నెలల ఖర్చుకు సమానం. కొత్తవి రావడం లేదు కాబట్టి ధర పెరుగుతూనే ఉంటుంది. బ్యాంకులో ఒక నెల ఖర్చుకు సరిపడా డబ్బే ఉంది. అవసరమొస్తే నాలుగు కెమెరాలు అమ్ముకోవచ్చన్న ధైర్యంతో వేరే నిధి పెట్టుకోలేదు. చనిపోయిన ఒక ఫొటోగ్రాఫర్ కుటుంబం ఆయన 14 కెమెరాలను, లెన్సులను ఒకే లాట్‌గా అమ్ముతోంది. ధర నా 5 నెలల జీతం. మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుని కొని, సగం అమ్మి అప్పు తీర్చేసి, మిగతా సగం ఉంచుకుందామనుకుంటున్నాను. ఈఎంఐ కట్టగలను. లోన్ వచ్చేలోగా అడ్వాన్సు క్రెడిట్ కార్డు మీద ఇస్తాను. సరైన ఆలోచనేనా?

జవాబు: కాదు. ఆ లాట్ కొనకండి. అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే అసలే ఇవ్వకండి.

లోన్ గురించి తర్వాత మాట్లాడతాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది లోన్ కాదు, 'అవసరమొస్తే నాలుగు కెమెరాలు అమ్ముకోవచ్చు' అన్న మాట. గడియారాలు, గిటార్లు, పాత నాణేలు సేకరించేవాళ్ల నోట కూడా ఇదే మాట వింటుంటాను. ఇష్టంగా కూడబెట్టుకున్న వస్తువులను అత్యవసర నిధిగా లెక్కేసుకోవడం చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటే. ఆపద వచ్చిన రోజున గానీ అది బయటపడదు.

ముందు ఆ 8 నెలల లెక్క చూద్దాం. మీరు చూసింది అమ్మకానికి పెట్టిన ధరలు. నిజంగా అమ్ముడైన ధరలు వేరే ఉంటాయి, అవి చూడాలి. మీ 22 బాడీల్లో షట్టర్, మీటర్ (వెలుతురు కొలిచేది) రెండూ సరిగ్గా పనిచేసేవి 9 మాత్రమేనని మీరు పంపిన జాబితాలో మీరే రాశారు. కానన్ ఏఈ-1లు రెండూ షట్టర్ నొక్కితే కీచుమంటున్నాయి. ఒలింపస్ ఓఎమ్-1 మీటర్‌ను 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ కోసం తయారుచేశారు. ఆ బ్యాటరీలు ఇప్పుడు రావడం లేదు. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటర్ తప్పు చూపిస్తుంది. మినోల్టా ఎక్స్-700లో కెపాసిటర్ పోయి షట్టర్ బిగుసుకుపోయింది. వెలుతురు లోపలికి చొరబడకుండా వెనక తలుపు అంచున ఉండే ఫోమ్ సీల్స్ జిగురుగా మారినవి ఆరు. రెండు లెన్సుల్లో ఫంగస్. ఈ జబ్బులన్నీ మీకెంత తెలుసో, ఇలాంటి కెమెరాలు కొనేవాళ్లకూ అంతే తెలుసు. మొదటి ఫోన్‌లోనే వీటి గురించే అడుగుతారు, ఒక్కొక్క లోపానికీ ధర తగ్గిస్తారు.

పెంటాక్స్ కె1000 నయం, బ్యాటరీ లేకపోయినా షట్టర్ పనిచేస్తుంది. కానీ అది 1976 నుంచి 1997 దాకా తయారైన మోడల్. విరివిగా దొరుకుతుంది కాబట్టి బేరం కొనేవాడి చేతిలోనే ఉంటుంది.

మీ జాబితాకు నేను వేసిన అంచనా ఇది. పనిచేసే 9 బాడీలు, మంచి లెన్సులు కలిపి మీ లెక్కలో 5 నెలల ఖర్చు. అమ్ముడయ్యే ధరకు దించి, కమిషన్, ప్యాకింగ్, రవాణా, తిరిగొచ్చిన పార్సిళ్లు తీసేస్తే అది 3 నెలలు. మిగతా 13 బాడీలకు మీరు 3 నెలలు వేశారు. అవి విడిభాగాల ధరకే పోతాయి, ఒక నెల వస్తే గొప్ప. మొత్తం 4 నెలలు. అదీ ఒక్కొక్కటి ఫొటోలు తీసి పెట్టి, తగిన కొనుగోలుదారు దొరికేదాకా తీరిగ్గా అమ్మితేనే. ఉద్యోగం పోయిన నెలలోనో, అమ్మగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడో అంత తీరిక ఎవరికుంటుంది? మొత్తం ఒకే వ్యాపారికి అయినకాడికి ఇచ్చేస్తారు, 2 నెలల ఖర్చు చేతికొస్తుంది. పైగా మీ ఉద్యోగానికే ఎసరొచ్చేంత గడ్డు కాలమైతే, ఇలాంటి కెమెరాలు కొనేవాళ్లు కూడా ముందుగా ఆపేసే ఖర్చు ఇదే.

'కొత్తవి రావడం లేదు కాబట్టి ధర పెరుగుతూనే ఉంటుంది' అని కూడా రాశారు. నికాన్ వారి ఫిల్మ్ కెమెరా ఎఫ్6 తయారీ 2020లో ఆగిపోయిన మాట నిజమే. అయితే కొత్త కెమెరా రాకపోతే కొత్త విడిభాగాలూ రావు, వీటిని విప్పి బాగుచేసే చేతులూ తగ్గిపోతాయి. పాడైన ఒక కెమెరాను బాగుచేయడానికి మరో కెమెరాను విప్పాల్సిన పరిస్థితి. ఇక కెమెరా విలువంతా ఫిల్మ్ మీద ఆధారపడి ఉంది. కొడాక్ 2009లో కొడాక్రోమ్ అనే ఫిల్మ్‌ను ఆపేసింది, 2018లో ఎక్టాక్రోమ్ అనే ఫిల్మ్‌ను మళ్లీ తెచ్చింది. ఆ నిర్ణయాల్లో మన ప్రమేయం ఏమీ లేదు. ఇంటి భద్రతను అలాంటి దాని మీద పెట్టకూడదు.

ఇప్పుడు లోన్. సగం అమ్మి అప్పంతా తీర్చాలంటే ఆ లాట్ మీరు కొన్న ధరకు రెండింతలు పలకాలి, వడ్డీ అదనం. అంత చవగ్గా ఉంటే వ్యాపారులు ఈపాటికే ఎగరేసుకుపోయేవారు. ఇంకో ప్రశ్న అడుగుతాను, నిజాయితీగా జవాబు చెప్పుకోండి. ఈ ఆరేళ్లలో మీరు ఎన్ని కెమెరాలు అమ్మారు? కొన్న కథలన్నీ రాశారు గానీ అమ్మిన ఊసే లేదు. పనిచేయని 13 బాడీలనే ఇంట్లో పెట్టుకున్న మనిషి, ఇష్టపడి తెచ్చుకున్న లాట్‌లో సగం అమ్మేస్తారంటే నేను నమ్మలేను.

ఏడాదికి 14 శాతం వడ్డీ అనుకుంటే, మూడేళ్ల పాటు జీతంలో ఆరో వంతు ఈఎంఐకి పోతుంది. తీసుకున్న 5 నెలల జీతానికి 6 నెలలకు పైనే కడతారు. ఖర్చులు పోను మీకు మిగిలేదే పావు వంతు. ఒక నెల నిల్వతో, ఒకే సంపాదనతో, నలుగురు బతుకుతున్న ఇంట్లో ఈ అప్పు చేయడం ఏ రకంగానూ సమర్థించలేను. ఇక కార్డు మీద అడ్వాన్సు ఇచ్చి లోన్ ఆలస్యమైతే? నెలకు 3 శాతం వడ్డీ చిన్నదిగా కనిపిస్తుంది, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. సరదా కోసం అప్పు చేయడం ఒక తప్పు, ఆ అప్పు కోసం కార్డు గీకడం రెండో తప్పు.

ఆ ఈఎంఐ కట్టగలనని మీరే అన్నారు కదా, అదే మొత్తాన్ని నెల మొదట్లోనే వేరే ఖాతాలోకి మళ్లించండి. పనిచేయని 13 బాడీలను ఇప్పుడు, ఏ తొందరా లేనప్పుడు, లోపాలన్నీ చెప్పి అమ్మేయండి. ఒక నెల ఖర్చు వస్తే, ఉన్న ఒక నెలతో కలిపి రెండు నెలల నిధి అవుతుంది. మిగతా నాలుగు నెలలు జమ కావడానికి సుమారు ఏడాదిన్నర పడుతుంది. ఒక్కరే సంపాదించే ఇంటికి 6 నెలల ఖర్చు కనీసం. పెద్దావిడ ఆరోగ్యం కూడా చూసుకోవాలి కాబట్టి మీరు 9 నెలల దాకా వెళ్లాలని నా సలహా. సేవింగ్స్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్ చాలు. షేర్లు, ఫండ్ల సంగతి నిధి నిండాక.

టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా గురించి ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, నిధి నిండేదాకా ఆగొద్దు. ఆ ఫొటోగ్రాఫర్ కుటుంబాన్ని చూడండి. ఏ కెమెరా విలువ ఎంతో, దేన్ని ఎవరికి అమ్మాలో తెలియక అన్నీ ఒకే లాట్‌గా పెట్టారు. రేపు మీకేదైనా అయితే మీ భార్య ఎదుట కూడా అదే అల్మారా, అదే అయోమయం. అందుకే మోడల్, సీరియల్ నంబరు, పనిచేస్తోందా లేదా, ఎంతకు అమ్మవచ్చు అన్న వివరాలతో ఒక జాబితా రాసి ఆమెకు ఇవ్వండి. కెమెరాలకు బీమా తీసుకునేటప్పుడు కూడా ఆ జాబితా, ఫొటోలు పనికొస్తాయి. మామూలు గృహ బీమాలో ఇలాంటి సేకరణలకు పరిమితి ఉండవచ్చు. ఫంగస్, వాడకంతో వచ్చే అరుగుదలకు సాధారణంగా పరిహారం రాదు. పాలసీ పత్రం చదివి చూసుకోండి.

ఫిల్మ్ ఫొటోగ్రఫీ మానేయమని నేననడం లేదు. పనిచేసే తొమ్మిదీ ఉంచుకోండి, వాడండి. రోల్స్‌కు, డెవలపింగ్‌కు నెలకు ఇంత అని పెట్టుకుని అందులోనే సరిపెట్టండి. 36 ఫ్రేముల రోల్ ఒకటి జాగ్రత్తగా తీస్తే నెలంతా సరదా తీరుతుంది. నిధి 6 నెలలకు చేరేదాకా కొత్త బాడీ వద్దు. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే ఒకటి అమ్మి, ఆ డబ్బుతోనే ఇంకొకటి కొనండి.

లాట్ అమ్ముతున్న కుటుంబానికి మాత్రం ఈ వారంలోనే ఫోన్ చేసి కొనలేనని చెప్పండి. వీలైతే ఏ కెమెరాను విడిగా అమ్మితే మంచి ధర వస్తుందో వాళ్లకు చెప్పి పెట్టండి, ఆ విషయం మీకు బాగా తెలుసు.