బియ్యం డ్రమ్ములో గోదాము బిళ్ల వద్దు: ఇంట్లోని గింజలకు, పిండికి పట్టే పురుగును ఇలా వదిలించుకోండి

ప్రశ్న: మేడమ్, మేము పండించిన ధాన్యం ఆడించుకుని తిండికి బియ్యం డ్రమ్ముల్లో పోసుకుంటాం. పెసలు, మినుములు కూడా మా చేలోవే. ఇంట్లో పెట్టిన రెండు నెలలకే బియ్యంలో నల్ల పురుగు, పెసలకు చిల్లులు, గోధుమ పిండిలో ఎర్ర పురుగు కనిపిస్తున్నాయి. వంటగది గోడల మీద తెల్లటి సన్న పురుగులు పాకుతున్నాయి, సాయంత్రమైతే బూడిద రంగు రెక్కల పురుగులు ఎగురుతున్నాయి. ఎండబెట్టాం, జల్లించాం, ఆకులు, లవంగాలు వేశాం. నెల తిరిగేసరికి మళ్లీ మామూలే. గోదాముల్లో వాడే బిళ్ల ఒకటి గుడ్డలో చుట్టి డ్రమ్ములో పెడితే చాలని తెలిసినవాళ్లు చెబుతున్నారు. పెట్టవచ్చా? పురుగు పట్టిన బియ్యం తినొచ్చా, పారేయాలా? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు బిళ్ల సంగతి చెప్తాను. మిగతావన్నీ తర్వాత. వద్దు. ఒక్కటి వద్దు, అందులో ముక్క కూడా వద్దు. ఎంత అనుభవం ఉన్నవాళ్లు చెప్పినా ఈ ఒక్క మాట వినకండి.

ఆ బిళ్ల అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, దాంట్లోంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. పురుగును చంపేదీ అదే, మనిషిని చంపేదీ అదే. 3 గ్రాముల బిళ్ల నుంచి 1 గ్రాము వాయువు పుడుతుంది. ఒక్క గ్రామే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న మూసిన గదిలో ఆ వాయువంతా చేరితే, పది లక్షల భాగాల గాలిలో సుమారు 26 భాగాలు ఫాస్ఫీనే ఉంటుంది. అమెరికా కార్మిక భద్రతా నిబంధనల ప్రకారం ఎనిమిది గంటలు పనిచేసే మనిషి పీల్చే గాలిలో దీని సగటు 0.3 భాగం దాటకూడదు. అంటే ఎనభై రెట్లకు పైమాటే. గుడ్డలో చుట్టినంత మాత్రాన వాయువు ఆగదు. మూత సందుల్లోంచి, తలుపు కిందనుంచి, గోడ పగుళ్లలోంచి పక్క గదిలోకి కూడా పోతుంది. దానికి విరుగుడు మందు లేదు. పెద్దవాళ్లకన్నా ముందు పిల్లల మీద దెబ్బ పడుతుంది.

గోదాముల్లో దీన్ని శిక్షణ పొందినవాళ్లు, టన్నులకొద్దీ ధాన్యం మీద గాలి చొరబడని పట్టా కప్పి వాడతారు. తర్వాత గాలి బాగా ఆడనిచ్చి, వాయువు మిగల్లేదని కొలిచాకే లోపలికి వెళ్తారు. వంటగదిలో ఇవేవీ కుదరవు. ఇప్పటికే బిళ్లలు తెచ్చి ఉంటే డబ్బా తెరవకండి, నీళ్లు తగలనివ్వకండి, చెత్తలో వేయకండి. మనుషులు పడుకునే ఇంట్లో కాకుండా బయట తాళం వేసి ఉంచి, కొన్న చోటే తిరిగి ఇచ్చేయండి. ఎవరైనా ఎక్కడైనా పెట్టిన గదిలో తల తిరగడం, వాంతి, ఆయాసం వస్తే అందరూ వెంటనే బయటికి వచ్చి ఆసుపత్రికి వెళ్లాలి. కాసేపు చూద్దాం అనుకోకూడదు. గట్టిగా చెప్తున్నానని ఏమీ అనుకోకండి. పిల్లలు ఉన్నారని మీరు రాయగానే నాకు మొదట కలిగిన భయం ఇదే. ఇదే కారణంతో కలరా ఉండలు, చీమల పొడి, పంటకు కొట్టే మందులు కూడా తినే గింజల దగ్గరికి రానివ్వకండి.

ఇక పురుగు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోందో చూద్దాం. మీరు రాసిన దాంట్లోనే దానికి కారణం ఉంది. నెల తిరిగేసరికి అన్నారు. బియ్యంలోని నల్ల పురుగు ముక్కు పురుగు. ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి ముక్కు ఉంటుంది, భూతద్దంతో చూస్తే వీపు మీద నాలుగు ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. ఆడ పురుగు ఆ ముక్కుతో గింజకు చిన్న గుంట చేసి, అందులో గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. జీవితకాలంలో ఒక్కొక్కటి 300 దాకా పెట్టగలదు. పిల్ల పురుగు గింజ లోపలే తిని, లోపలే పెరిగి, పెద్దదై చిల్లు చేసుకుని బయటికి వస్తుంది. ఉక్కగా ఉండే రోజుల్లో ఇదంతా దాదాపు నెలలో పూర్తవుతుంది. మీరు జల్లించినప్పుడు పోయినవి బయట తిరిగే పురుగులు మాత్రమే. గింజల్లో ఉన్నవి డ్రమ్ములోనే ఉండిపోయాయి, నెలకు బయటపడ్డాయి. కొత్తగా ఎక్కడినుంచో వచ్చినవి కావు.

ఆకులు, లవంగాలు కూడా అందుకే పనిచేయలేదు. ఘాటు వాసనకు పెద్ద పురుగు కొంత పక్కకు జరుగుతుందేమోగానీ గింజ లోపలి పిల్ల పురుగుకు ఏమీ కాదు. ఎండ విషయంలో జరిగింది ఇంకొకటి. ఎండలో పోయగానే పెద్ద పురుగులు చావవు, నీడ వెతుక్కుంటూ పాకిపోతాయి. ఇంటి పక్కనే ఆరబోస్తే మళ్లీ ఇంట్లోకే వస్తాయి. పైగా ఆడించిన బియ్యాన్ని మండుటెండలో పోస్తే గింజ పగిలి నూకవుతుంది, ఆ నూక మీద పిండి పురుగు పెరుగుతుంది.

పెసలకు చిల్లులు పెట్టేది పుచ్చు పురుగు. ఇది ఇంట్లో మొదలయ్యేది కాదమ్మా, చేలోనే మొదలవుతుంది. ఎండుతున్న కాయల మీద గుడ్డు పెడుతుంది, గింజతోపాటు ఇంటికి వస్తుంది. ఇంట్లో బయటికొచ్చిన పురుగు మళ్లీ నేరుగా గింజ పైతొక్క మీదే గుడ్లు అతికిస్తుంది. గింజ మీద ఆవగింజకన్నా చిన్న తెల్ల చుక్కలు కనిపిస్తే అవే గుడ్లు. పెద్ద పురుగు ఏమీ తినదు, వారం పది రోజులే బతుకుతుంది, నష్టమంతా లోపలి పిల్ల పురుగుదే. గోధుమ పిండిలోని ఎర్ర పురుగు పిండి పురుగు. ఇది గట్టి గింజను కొరకలేదు, పిండి, రవ్వ, నూక, పగిలిన గింజల మీద బతుకుతుంది, ఏడాదికి పైగా కూడా ఉండగలదు. గోడ మీద పాకే తెల్ల పురుగులు, సాయంత్రం ఎగిరే రెక్కల పురుగులు రెండూ ఒకటే జాతి, బియ్యపు చిలుక అనే రెక్కల పురుగులాంటివి. గింజలను, పిండిని దారాలతో అల్లి ఉండలు కట్టేది వీటి పిల్లలే. పెరిగాక తిండి వదిలేసి, గూడు కట్టుకోవడానికి మూత అంచులు, గోడ మూలలు, అర చెక్కల సందులు వెతుక్కుంటాయి. అందుకే డబ్బా కడిగినా గోడను వదిలేస్తే పని కాదు.

ఇప్పుడు చేయాల్సిన పనికి ఒక రోజు పూర్తిగా కేటాయించండి. ఈ వారం బియ్యం, వచ్చే వారం పప్పు అంటూ విడగొడితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతాయి. వంటగదిలో తినే ప్రతి పొడి వస్తువూ బయటికి తీయండి. ఎప్పుడూ తెరవని పొట్లాలు, మర్చిపోయిన మసాలాలు, ఎండు పళ్లు, కోళ్ల దాణా కూడా. చాలా ఇళ్లలో అసలు పుట్టిల్లు అలాంటి మరుగున పడిన పొట్లమే. పురుగు ఎక్కువగా, ఉండలు కట్టి ఎక్కడుందో అదే మూలం. సీల్ వేసిన ప్లాస్టిక్ పొట్లం అని నమ్మకండి, పలచటి కవరును కొన్ని పురుగులు కొరికి లోపలికి పోతాయి.

పురుగు తక్కువగా ఉండి వాడుకోదగ్గవాటిని పారేయక్కర్లేదు, వాటిలో కనిపించని గుడ్లు, పిల్లలు చచ్చేలా చేయాలి. ఫ్రీజర్ ఉంటే అదే అన్నిటికన్నా మేలు. కిలో, రెండు కిలోల సంచుల్లో గట్టిగా కట్టి, మైనస్ 18 డిగ్రీల దగ్గర కనీసం 4 రోజులు ఉంచండి. ఫ్రిజ్ కింది అర చాలదు, అక్కడ పెరుగుదల ఆగుతుంది గానీ పురుగు త్వరగా చావదు. బయటికి తీశాక సంచి మామూలు వేడికి వచ్చేదాకా విప్పకండి. వెంటనే విప్పితే గింజ మీద తేమ పట్టి బూజు వస్తుంది. ఫ్రీజర్ చిన్నదైతే వంతులవారీగా పెట్టండి. రవ్వను సన్నని సెగ మీద దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోస్తే సరిపోతుంది.

పెసలు, మినుములకు ఎండనే వాడుకోవచ్చు, కాకపోతే పద్ధతి మారాలి. నేల మీద గడ్డి గానీ గోనె గానీ వేసి, దానిపై నల్ల ప్లాస్టిక్ పట్టా పరవండి. గింజలను రెండు సెంటీమీటర్ల మందం మించకుండా పోసి, పైన పారదర్శకమైన పట్టా కప్పి, అంచులు మడిచి చుట్టూ రాళ్లు పెట్టండి. మంచి ఎండలో లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. గింజ అంతా 57 డిగ్రీలకు చేరి గంటసేపు ఉంటే గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా పుచ్చు పురుగు అన్ని దశల్లోనూ చస్తుంది, పైన కప్పు ఉంది కాబట్టి పారిపోలేదు. మధ్యాహ్నం రెండు మూడు గంటలు అలా వదిలేయండి. విత్తనానికి ఉంచుకున్న గింజలకు మాత్రం ఇలా చేయకండి, మొలక శాతం తగ్గవచ్చు. విత్తనాలకు కిలోకు 5 మిల్లీలీటర్ల వంట నూనె ప్రతి గింజకూ అంటేలా పట్టించండి. నూనె పట్టిన గింజ మీద పుచ్చు పురుగు గుడ్లు సరిగా పెట్టలేదు, పెట్టినవీ చాలావరకు పొదగవు.

గింజలు బయట ఉన్నప్పుడే అరలు, మూలలు శుభ్రం చేయండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే సందులన్నీ పీల్చి, ఆ సంచిని అప్పుడే బయట పారేయండి. లేకపోతే గట్టి బ్రష్‌తో గోకి తీయండి. డబ్బాల మూత మరలు, రబ్బరు రింగుల కింద, మేకు రంధ్రాల్లో తెల్లటి గూళ్లు ఉంటాయి, అవి ఒక్కటి మిగిలినా మళ్లీ రెక్కల పురుగే. డ్రమ్ములను వేడి నీళ్లు, సబ్బుతో కడిగి, లోపల చెయ్యి పెట్టి చూస్తే చెమ్మ తగలకుండా ఆరాకే మళ్లీ వాడండి. పాత గోనె సంచులను తిరగేసి, మరిగే నీళ్లలో ముంచి ఆరబెట్టండి. కొత్త పంటకు పురుగు చాలాసార్లు పాత సంచుల నుంచే అంటుకుంటుంది. అరల మీద పురుగు మందు కొట్టకండి.

తిరిగి నింపేటప్పుడు ఒక్క పెద్ద డ్రమ్ము బదులు గాలి చొరబడని చిన్న డబ్బాలు ఎక్కువ వాడండి. అంచుదాకా నింపండి, లోపల ఖాళీ గాలి ఎంత తక్కువుంటే అంత మంచిది. నెలలో వాడే బియ్యం వేరే డబ్బాలో, మిగతాది బిగించి. రోజూ మూత తీసే డ్రమ్ముకు గాలి బిగింపు ఉన్నా లేనట్టే.

గాలి ఆడకుండా చేయడంలో ఎంత బలం ఉందో చెప్పాలి. 1980ల చివర్లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందలు దాచుకునే చిన్న రైతుల కోసం అక్కడి పరిశోధకులు, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కలిసి మూడు పొరల సంచి తయారుచేశారు. లోపల రెండు మందమైన ప్లాస్టిక్ సంచులు, పైన ఒక అల్లిక సంచి, అంతే. మందు లేదు. మూతి మెలితిప్పి కడితే లోపలి పురుగులే ఆక్సిజన్ వాడేసుకుంటాయి. ఈ పురుగులు నీళ్లు తాగవు కదా, తిన్నదాన్ని ఆక్సిజన్‌తో కలిపి మండించుకున్నప్పుడు వచ్చే నీటితోనే బతుకుతాయి. ఆక్సిజన్ తగ్గితే ఆ నీరు పుట్టదు, తినడం మానేసి ఎండిపోయి చస్తాయి. నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా అబ్బురంగా ఉంటుంది. మీకు అలాంటి సంచులు దొరికితే ధాన్యానికి, పెసలకు అవే వాడండి, కట్టాక కనీసం రెండు నెలలు విప్పకండి.

అయితే గింజ బాగా ఆరి ఉండాలి. తడి గింజను బిగించి కడితే పురుగు చావొచ్చు గానీ బూజు పడుతుంది. 12 శాతం లోపు తేమ ఉంటే పురుగు, బూజు రెండింటి జోరూ తగ్గుతుంది. తేమ మీటరు లేకపోతే, పూర్తిగా ఆరిన గాజు సీసాలో కాస్త పొడి ఉప్పు వేసి, మూడో వంతు గింజలు పోసి, ఒక నిమిషం ఊపి ఉంచండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు, ఇంకా ఆరబెట్టాలి. అంటుకోకపోతే 15 లోపుకు వచ్చిందని మాత్రమే తెలుస్తుంది, 12కు దిగిందని కాదు. కాబట్టి ఇంకో ఎండ చూపించడం మంచిదే.

ఇక తినవచ్చా అన్నారు. ముక్కు పురుగు కరవదు, మనకు జబ్బులు అంటించదు. కొద్దిగా పట్టిన బియ్యాన్ని చెరిగి, కడిగి వండుకుంటే భయం లేదు, తెలియక పిల్లలు ఒకటో రెండో తిన్నా కంగారు పడకండి. గింజలు సగానికి సగం డొల్లగా ఉండి, చేతిలోకి తీస్తే పొడి రాలుతుంటే మాత్రం తినకండి. గోధుమ పిండిలో పురుగు బాగా ముదిరితే అది వదిలే క్వినోన్లు అనే రసాయనాల వల్ల పిండి గులాబీ ఛాయకు తిరుగుతుంది, ఘాటైన చెడు వాసన వస్తుంది. జల్లించినా ఆ వాసన పోదు, గుడ్లు కూడా పిండితో కలిసి జల్లెడ దాటేస్తాయి. ఆ పిండి పారేయండి. బూజు వాసన, పచ్చగా నల్లగా మచ్చలు, గింజలు అంటుకుని గడ్డకట్టడం ఉంటే ఏ దినుసైనా సరే మనుషులకూ పెట్టకండి, పశువులకూ కోళ్లకూ వేయకండి. కొన్ని బూజులు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వండినా పోదు. బూజు లేకుండా ఉత్త పురుగు పట్టిన గింజలైతే కోళ్లు ఇష్టంగా తింటాయి. పారేసేవాటిని సంచిలో బిగించి కట్టి అదే రోజు ఇంటికి దూరంగా పూడ్చండి, పెరటి చెత్తకుప్పలో వేస్తే రెక్కల పురుగులు కిటికీలోంచి తిరిగొస్తాయి.

ఇదంతా చేశాక కూడా రెండు మూడు వారాలపాటు ఒకటీ అరా రెక్కల పురుగు ఎగరవచ్చు. గూళ్లలో అప్పటికే ఉన్నవి బయటికి వస్తాయి, గుడ్లు పెట్టుకోవడానికి తిండి దొరక్కపోతే అక్కడితో ఆగిపోతాయి. ఆరు వారాలు దాటినా కనిపిస్తున్నాయంటే ఏదో ఒక పొట్లం మన కంట పడలేదన్నమాట. అప్పుడు వంటగదే కాదు, మంచం కింద పెట్టిన విత్తనాల మూట, అటక మీది పాత సంచి, కోళ్ల దాణా డబ్బా, పొయ్యి వెనక ఒలికిన గింజలు చూడండి. అక్కడా లేకపోతే మళ్లీ రాయండి, పట్టిన పురుగును ఒక చిన్న సీసాలో వేసి పంపితే ఏ జాతో చూసి చెప్తాను.