శవం మీది పురుగులను బట్టి చావు సమయం ఎలా చెబుతారు?

ముఖ్యంగా ఈగ పిల్లల వయసు లెక్కగట్టి. మటన్ షాపుల దగ్గర నీలం, ఆకుపచ్చ రంగుల్లో మెరుస్తూ ముసిరే ఈగలే ఇవి. పగటిపూట ఆరుబయట శవం ఉంటే నిమిషాల్లోనే వాలతాయి. కళ్లు, ముక్కు, నోరు, గాయాల దగ్గర గుడ్లు పెడతాయి. వెచ్చగా ఉంటే రోజులోపే గుడ్లు పగిలి పురుగులు వస్తాయి.

ఆ పురుగు వెనక భాగాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తే ఊపిరి పీల్చే రెండు రంధ్రాలు కనిపిస్తాయి. ఒక్కోదానిలో రెండు చీలికలుంటే రెండో దశ, మూడుంటే మూడో దశ. అంత చిన్న ప్రాణి ఒంటి మీదే వయసు రాసి ఉండటం నాకు ఎప్పుడూ అబ్బురమే.

అయితే అసలు కిటుకు ఉష్ణోగ్రత. హైదరాబాద్ వేసవిలో చకచకా ఎదిగే పురుగు డిసెంబరు చలిలో నెమ్మదిస్తుంది. అందుకే శవం దొరికిన చోటి వేడి కొలిచి, బేగంపేట వాతావరణ కేంద్రం లాంటి చోట్ల నమోదైన లెక్కలతో పోల్చాలి. కొన్ని పురుగులను వేడినీళ్లలో చంపి ఆల్కహాల్‌లో దాస్తారు. కొన్నిటిని పెంచి, ఏ జాతి ఈగో తేల్చుకుంటారు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ లెక్కలో తేలేది గుడ్లు పెట్టిన సమయమే. తలుపులు బిగించిన ఫ్లాట్‌లోకి, దుప్పటి చుట్టిన శవం దగ్గరికి ఈగలు ఆలస్యంగా చేరతాయి. రాత్రిళ్లు సాధారణంగా గుడ్లు పెట్టవు. కాబట్టి ‘కనీసం ఇన్ని రోజులైంది’ అనే చెప్పగలరు.