టెక్ సందేహాలు: స్టార్లు చూసి లైబ్రరీ తీసుకుంటున్నారా?

ప్రశ్న: నలుగురం కలిసి కిరాణా డెలివరీ యాప్ తయారు చేస్తున్నాం. సర్వర్‌తో మాట్లాడేందుకు కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఓ ఓపెన్ సోర్స్ నెట్‌వర్కింగ్ లైబ్రరీ (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్) దొరికింది. స్టార్లు వేలల్లో ఉన్నాయి, మూడు లైన్లలో పని అయిపోతోంది. కళ్లు మూసుకుని వాడేయొచ్చా?
– ఆండ్రాయిడ్ డెవలపర్, కూకట్‌పల్లి

వాడొచ్చేమో గానీ, కళ్లు మూసుకుని మాత్రం వద్దు. లైబ్రరీ పేరు మారుతుంది తప్ప, ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ప్రతిసారీ మొదట చెప్పేది స్టార్ల సంగతే. స్టార్ అంటే ఎవరో ఎప్పుడో ‘బాగుందే, తర్వాత చూద్దాం’ అని నొక్కిన బటన్. దాన్ని వెనక్కి తీసుకునేవాళ్లు అరుదు. ఐఫోన్ యాప్‌లలో ఏళ్ల తరబడి రాజ్యమేలిన ఏఎఫ్‌నెట్‌వర్కింగ్ అనే లైబ్రరీకి 2023లో దాని నిర్వాహకులే స్వస్తి చెప్పారు. స్టార్లు మాత్రం ఇప్పటికీ వేలల్లోనే ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లోనూ ఇదే కథ. అపాచీ హెచ్‌టీటీపీ క్లయింట్ అనే లైబ్రరీని నమ్ముకుని రాసుకున్న కోడ్ అంతా 2015లో ఆండ్రాయిడ్ 6.0 దాన్ని తీసేయడంతో ఇరుకున పడింది.

కాబట్టి స్టార్లు వదిలేసి వాడేవాళ్లు సమస్యలు రాసే ఇష్యూస్ పేజీ తెరవండి. సెక్యూరిటీ, లీక్, క్రాష్ అని వెతకండి. నిర్వాహకులు జవాబు ఇస్తున్నారా, లేక ‘ఇంకెవరైనా ఇక్కడున్నారా?’ అని వాడేవాళ్లే ఒకరినొకరు అడుక్కుంటున్నారా? తర్వాత మీ ప్రాజెక్టులో గ్రాడిల్ (యాప్‌ను బిల్డ్ చేసే టూల్) డిపెండెన్సీస్ కమాండ్ కొట్టి, అది తన వెంట ఎవరెవరిని తెచ్చిందో చూడండి. ‘మూడు లైన్ల’ లైబ్రరీలు చాలావాటి లోపల పని చేసేది ఓకేహెచ్‌టీటీపీ అనే ఇంకో లైబ్రరీనే. ఆండ్రాయిడ్ 4.4 నుంచి ఫోన్ సొంత హెచ్‌టీటీపీ కోడ్ వెనకా ఉన్నది అదే. అలాంటప్పుడు పైన ఇంకో పొర దేనికి? పది లైన్లు రాసే ఓపిక ఉంటే నేరుగా దాన్నే వాడుకోండి. లైసెన్స్ ఎంఐటీ, అపాచీ 2.0 అయితే చిక్కు లేదు. జీపీఎల్ అయితే మీ యాప్ కోడ్ కూడా బయటపెట్టాల్సి రావచ్చు. లైసెన్స్ ఫైలే లేకపోతే ముట్టుకోకండి.

ఇప్పుడు అసలు టెన్షన్. లైబ్రరీ కోడ్‌లో ట్రస్ట్‌మేనేజర్ అని వెతకండి. అందులో చెక్‌సర్వర్‌ట్రస్టెడ్ అనే ఫంక్షన్ ఉంటుంది. సర్వర్ తన గుర్తింపు కార్డులా చూపిన సర్టిఫికెట్ నమ్మదగినదో కాదో తేల్చేది అదే. తేడా కనిపిస్తే ఎక్సెప్షన్ (తప్పు ఉందన్న సంకేతం) విసరాలి. చాలా కోడ్‌లలో ఆ రెండు బ్రాకెట్ల మధ్య ఏమీ ఉండదు, మహా అయితే ఓ కామెంట్. ఎక్సెప్షన్ రాలేదంటే సర్టిఫికెట్ బాగుందనే లెక్క. పక్కనే, సర్టిఫికెట్‌లో ఉన్నది ఆ సర్వర్ పేరేనా అని చూడాల్సిన హోస్ట్‌నేమ్ వెరిఫయర్ ఏది అడిగినా ‘ట్రూ’ అంటుంది. గేటు దగ్గర వచ్చిన ప్రతివాడికీ సలాం కొట్టి లోపలికి పంపే వాచ్‌మన్ అన్నమాట.

దీంతో నష్టమేంటో చూడండి. అమీర్‌పేటలో ఓ హాస్టల్, అందరికీ ఒకటే వైఫై. అందులో ఒకడు రూటర్‌కూ మీ కస్టమర్ ఫోన్‌కూ మధ్య కూర్చుని, తాను తయారు చేసుకున్న సర్టిఫికెట్ చూపిస్తాడు. బ్రౌజర్ అయితే పేజీ నిండా హెచ్చరిక చూపిస్తుంది. మీ యాప్ కిక్కురుమనదు. లాగిన్ టోకెన్, ఇంటి అడ్రస్, ఓటీపీ అన్నీ వాడి స్క్రీన్ మీద. హెచ్‌టీటీపీఎస్ ఉందని మీరు, ఫోన్ లాక్ ఉందని కస్టమర్, ఇద్దరూ ధీమాగానే ఉంటారు.

పేరున్న లైబ్రరీల్లో ఇలా జరగదనుకోకండి. 2015లో ఏఎఫ్‌నెట్‌వర్కింగ్ 2.5.1 వెర్షన్‌లోనే సర్టిఫికెట్ తనిఖీ దెబ్బతింది. 2.5.2లో సరిచేశారు. కానీ పాత వెర్షన్ మీదే కూర్చున్న యాప్‌ల పరిస్థితి ఏంటి? 2016 నుంచి గూగుల్ ప్లే ఇలాంటి ట్రస్ట్‌మేనేజర్‌లున్న యాప్‌లను అడ్డుకోవడం మొదలుపెట్టింది. మనవాళ్లు తక్కువ తిన్నారా? ప్లే ఇచ్చే హెచ్చరిక నోరు మూయించడానికి ఖాళీ ఫంక్షన్‌లో సర్టిఫికెట్ గడువు తేదీ చూసే ఒక్క లైన్ పెట్టే చిట్కా కనిపెట్టారు. దొంగ సర్టిఫికెట్‌కు మాత్రం గడువు ఉండదా? ఆ చిట్కాను కాపీ కొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

‘టెస్ట్ సర్వర్‌లో మేమే తయారు చేసుకున్న సర్టిఫికెట్ ఉంది, అందుకే పెట్టాం, రిలీజ్‌కు ముందు తీసేస్తాం’ అంటారు. తీసేయరు. శుక్రవారం సాయంత్రం క్లయింట్ ఫోన్ మోగుతుంటే ఎవరికి గుర్తుంటుంది? ఆండ్రాయిడ్ 7 నుంచి నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్‌లో డీబగ్ ఓవర్‌రైడ్స్ అనే భాగం ఉంది. టెస్ట్ సర్టిఫికెట్‌ను అక్కడ పెడితే డీబగ్ బిల్డ్‌కు (మీరు పరీక్షించుకునే యాప్‌కు) మాత్రమే వర్తిస్తుంది.

మీ లైబ్రరీని పరీక్షించడం అరగంట పని. ల్యాప్‌టాప్‌లో మిట్‌మ్‌ప్రాక్సీ (ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య కూర్చుని ట్రాఫిక్ చూసే టూల్) నడిపి, ఫోన్ వైఫై ప్రాక్సీగా ఆ ల్యాప్‌టాప్ అడ్రస్ ఇవ్వండి. ప్రాక్సీ సర్టిఫికెట్‌ను ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేయొద్దు. రిలీజ్ బిల్డ్‌తో (కస్టమర్లకు ఇచ్చే యాప్‌తో) ఆర్డర్ పెట్టి చూడండి. కనెక్షన్ తెగిపోయి ఎర్రర్ రావాలి. ఆర్డర్ వెళ్లిందా, అయితే లొసుగు లైబ్రరీలోనో మీ కోడ్‌లోనో ఉంది. అది తేలేదాకా ప్లే స్టోర్ వైపు వెళ్లకండి. ఆర్డర్ రిక్వెస్ట్ ప్రాక్సీలో అసలు కనిపించకుండానే వెళ్లిపోతే మాత్రం ఆ లైబ్రరీ ప్రాక్సీని పట్టించుకోవడం లేదని అర్థం, పరీక్ష జరగనట్టే. పనిలో పనిగా ఆండ్రాయిడ్ లాగ్‌లు కనిపించే లాగ్‌క్యాట్ కూడా చూడండి. రిక్వెస్ట్‌లను లాగ్‌లో రాసే లాగింగ్ ఇంటర్‌సెప్టర్‌ను ‘బాడీ’ లెవెల్‌లో వదిలేస్తే పాస్‌వర్డ్‌తో సహా అంతా అక్కడ పడుతుంది.

ఇక్కడ దారి తప్పుతున్నాను, క్షమించండి. గుమ్మం పైన పెట్టుకునే చవక వైఫై కెమెరాలున్నాయి చూశారా, వాటి యాప్‌లంటే నాకు ఎప్పుడూ అనుమానమే. కెమెరాలో ఉండేది సాధారణంగా సొంత సర్టిఫికెట్. దాన్ని ఒప్పుకోవాలంటే ఆ ఒక్క కెమెరాకే వర్తించేలా మినహాయింపు రాయాలి. అంత ఓపిక లేనివాళ్లు అన్నింటికీ గేట్లు ఎత్తేస్తారు, క్లౌడ్‌తో మాట్లాడేదీ అదే కోడ్‌తోనే. ఇక నెలకోసారి వచ్చే అప్‌డేట్‌లో ‘బగ్ ఫిక్స్‌లు, పనితీరు మెరుగుదల’ అన్న ఒకే వాక్యం. ఏ బగ్? ఎవరి పనితీరు? లోపల ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌లో ఉందో ఒక్క ముక్క చెప్పరు. పడకగది దాకా కెమెరా అమ్మేవాడికి ఆ మాత్రం బాధ్యత ఉండొద్దా?

ప్రశ్న: ఆఫీస్ లిఫ్ట్‌లో ఉండగా ఆర్డర్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. బయటికొచ్చి చూస్తే ఒకే ఆర్డర్ రెండుసార్లు పడింది. తప్పు నాదా, నెట్‌వర్క్‌దా?
– ఓ పాఠకురాలు, మాదాపూర్

మీది కాదు. యాప్ రాసినవాళ్లది. లిఫ్ట్‌లో సిగ్నల్ పోతుందని హైటెక్ సిటీలో పని చేసేవాళ్లకు ఒకరు చెప్పాలా? ఆర్డర్ సర్వర్‌కు చేరింది, జవాబు మాత్రం తిరిగి రాలేదు. యాప్ ‘చేరలేదేమో’ అనుకుని మళ్లీ పంపింది. మీరు రెండోసారి బటన్ నొక్కినా ఫలితం అదే. ప్రస్తుతానికి, చక్రం ఆగకపోతే మళ్లీ నొక్కకుండా ‘నా ఆర్డర్లు’ చూసుకోండి. డబ్బు రెండుసార్లు పోయి ఉంటే రెండు లావాదేవీల నంబర్లతో ఫిర్యాదు చేయండి.

కూకట్‌పల్లి మిత్రులు కూడా ఇది చదవాలి. ఓకేహెచ్‌టీటీపీలో కనెక్ట్, రీడ్, రైట్‌లకు డిఫాల్ట్ గడువు (టైమౌట్) 10 సెకన్ల చొప్పున ఉంటుంది. మొత్తం కాల్‌కు మాత్రం గడువే ఉండదు, అది మీరే పెట్టుకోవాలి. ప్రతి ఆర్డర్‌కూ యాప్ ఒక ప్రత్యేక నంబర్ తయారు చేసి పంపాలి. మళ్లీ ప్రయత్నించినా అదే నంబర్ వెళ్లాలి. సర్వర్ దాన్ని గుర్తుపట్టి పాత జవాబే తిరిగి ఇవ్వాలి. మీరు ఎంచుకున్న లైబ్రరీ పోస్ట్ రిక్వెస్ట్‌లను (ఆర్డర్ లాంటివి సర్వర్‌కు పంపేవాటిని) మీకు చెప్పకుండా మళ్లీ పంపుతోందేమో, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెడుతూ తీస్తూ సర్వర్ లాగ్‌లో చూసుకోండి.