గ్రౌల్స్ పడకపోతే ఏం వినాలి?

మెటాలికా బ్యాండ్ ఆల్బమ్ '72 సీజన్స్' నచ్చింది, కానీ డెత్ మెటల్ పాటల్లో గ్రౌల్స్ (గొంతు లోతుల్లోంచి గుర్రుమంటూ పాడటం) రాగానే ఆపేస్తున్నా అన్నారు కదా. బలవంతం వద్దు. ముందు జూడస్ ప్రీస్ట్ బ్యాండ్ ఆల్బమ్ 'ఇన్విన్సిబుల్ షీల్డ్' (2024) వినండి. డెబ్బై దాటినా వాళ్ల గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ గొంతులో పదును పోలేదు.

ఆ తర్వాత ఓపెత్ బ్యాండ్ ఆల్బమ్ 'ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్'. 2008లో వచ్చిన 'వాటర్‌షెడ్' తర్వాత వాళ్ల స్టూడియో ఆల్బమ్‌లో గ్రౌల్స్ మళ్లీ వినిపించింది ఇందులోనే. పక్కనే మామూలు గానం, జెత్రో టల్ బ్యాండ్‌కి చెందిన ఇయాన్ ఆండర్సన్ ఫ్లూట్ కూడా ఉన్నాయి కాబట్టి చెవికి ఊపిరాడుతుంది. గ్రౌల్‌లో మాటలు వెతక్కండి, డ్రమ్స్‌లా అదీ ఒక వాయిద్యం అనుకోండి. నాకైతే అలాగే అలవాటైంది, మూడోసారికి!

అదీ ఎక్కితే డెత్ మెటల్ బ్యాండ్ బ్లడ్ ఇన్‌కాంటేషన్ ఆల్బమ్ 'ఆబ్సొల్యూట్ ఎల్స్‌వేర్'. రెండే ట్రాకులు, ఒక్కోటి ఇరవై నిమిషాల పైనే. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.